కంటిపాప కొలత

"ఏంటండీ, అలా కళ్ళప్పగించి చూస్తున్నారు?"

కారు అద్దం సగం దించి అడిగింది ఆమె. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడి ఉంది. వాన సన్నగా, పడాలా వద్దా అన్నట్టు పడుతోంది. కారు నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు, స్టీరింగ్ ముందు చెమటలు కక్కుతున్న ఒక బట్టతల పెద్దమనిషి, పక్క సీట్లో ఆమె. పేవ్‌మెంట్ మీద గొడుగు వెనక్కి వాల్చేసి, సైడు అద్దంలోకి వంగి చూస్తూ అతను.

"అప్పగించడం కాదండీ. అప్పడుగుదామని చూస్తున్నాను" అన్నాడు.

"ఏం అప్పు?"

"మీ కన్ను. ఎడమది."

రోడ్డు మీద ఇలాంటి మాటలు వినడం ఆమెకి కొత్త కాదు. వాటికి ఆమె దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఇతను ఆమెను చూడటం లేదు. ముఖాన్ని కాదు, జుట్టుని కాదు. గోడలో పగులుని మేస్త్రీ చూసినట్టు ఎడమ కంటిని మాత్రం చూస్తున్నాడు. తనని చూస్తే కోప్పడవచ్చు. తనలో ఒక్క ముక్కనే చూస్తే ఏం పడాలో వెంటనే తోచలేదు.

ఇంతలో పచ్చ లైటు పడింది. పెద్దమనిషి క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. కారు ఎగిరిపడి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"చూశారా, మీ వల్ల మా స్టూడెంటు బండి ఆపేశారు."

"ఆయన వల్ల కాదు మేడమ్," అన్నాడు పెద్దమనిషి నిజాయితీగా, "నేను రోజూ ఇక్కడ ఇంతే కదా."

అతను కారుతోపాటు రెండడుగులు నడిచాడు. "నేను కళ్ళు చేస్తానండీ. అంటే ఇంకా చేయట్లేదు. నేర్చుకోవాలనుకుంటున్నాను. మీ కంట్లో ఆ తేనె రంగు చీలిక..."

"పక్క వీధిలోనే మా స్కూలు. మధ్యాహ్నం భోజనాల వేళ రండి" అంది ఆమె. "ఇలా రోడ్డు మధ్యలో నడిచి ఏ లారీ కిందో పడేకంటే నయం."

ఎందుకలా అందో సాయంత్రం దాకా ఆమెకే తెలియలేదు. అతను కళ్ళు ఎలా చేస్తాడో తెలుసుకోవాలనిపించిందని తనకి తాను చెప్పుకుంది. అది నిజమే. నిజాల్లో సులభంగా చెప్పుకోగలిగిన నిజం.

*

పది రోజుల క్రితం దాకా అతను పళ్ళు చేసేవాడు.

డెంటల్ ల్యాబులో కిటికీ పక్క స్టూలు అతనిది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో పన్ను పోసి, పక్క పళ్ళ రంగుకి సరిపోయేలా తొడుగు తయారుచేసేవాడు. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో అతనికి తెలిసినంతగా ఆ ల్యాబులో ఎవరికీ తెలియదు. కాఫీ తాగే తెలుపు, సిగరెట్టు మానేసిన తెలుపు, పసితనం వదలని తెలుపు. రోడ్డుకి అవతల ఎవరైనా నవ్వితే, అందులో పెట్టుడు పన్ను ఏదో ఇవతల నుంచి చెప్పేవాడు. పొద్దున్నే ఆ స్టూలు మీద కూర్చుంటే అతనికి సుఖంగా ఉండేది.

అలాంటివాడి దగ్గరికి ఒకాయన కట్టుడు పళ్ళ కొలతలకి వచ్చాడు. అరగంట ఎదురెదురుగా కూర్చున్నారు. లేచి వెళ్ళేముందు ఆయన నవ్వి, "అబ్బాయ్, నా కళ్ళలో ఒకటి పెట్టుడుది. ఏదో చెప్పు చూద్దాం" అన్నాడు.

అతను చెప్పలేకపోయాడు. ఒకటి చెప్పాడు. తప్పు చెప్పాడు.

ఓడిపోయానన్న బాధ కాదది. అంతకంటే వింతది. తనకి తెలిసిన ఇల్లు అనుకున్నదాంట్లో ఇన్నాళ్ళూ చూడని గది ఒకటి ఉందని తెలిసినట్టు. ఆ రోజు నుంచి ఎవరు నవ్వినా అతని చూపు పళ్ళ దగ్గర ఆగలేదు. పైకి పోయేది.

"ఏం బాధొచ్చిందిరా నీకక్కడ?" అంది అక్క. అతను ఉండేది అక్కా బావల ఇంట్లోనే.

"బాధేం లేదక్కా."

"ఓనరు తిట్టాడా?"

"ఎప్పుడూ తిట్టలేదు."

"జీతం పెంచనన్నాడా?"

"పోయిన్నెలే పెంచాడు."

"మరేం మాయరోగం?"

బావ పేపరు దించకుండానే అన్నాడు. "ఓపిక పట్టవే. పళ్ళయ్యాయి, ఇప్పుడు కళ్ళు. వచ్చే ఏడు ముక్కులు, ఆపైన చెవులు. ఎప్పటికైనా మీ తమ్ముడు పూర్తి మనిషిని తయారుచేస్తాడు."

నచ్చని ఉద్యోగం మానేసినవాడి మీద లోకానికి బోలెడు జాలి ఉంది. నచ్చిన ఉద్యోగం మానేసినవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో దానికి తెలియదు. అతనికీ తెలియదు. ఓనరు ఒక్కడే నయం. "నీ స్టూలు వచ్చే నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతా. ఆ తర్వాత నేనేం చేయలేను" అన్నాడు.

ఆ పెట్టుడు కన్ను చేసినావిడని వెతుక్కుంటూ వెళ్ళాడు. పెద్దావిడ. మేడ మీద గదిలో ఒక్కతే పనిచేస్తుంది. బల్ల మీద దూది పరిచిన ట్రేలో వరసగా కళ్ళు. అన్నీ అతన్నే చూస్తున్నాయి.

"గాజు కన్ను అంటారు గాని గాజు కాదు నాయనా. మీ కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడతారే, అదే ప్లాస్టిక్" అంది ఆవిడ. "నల్లటి బిళ్ళ మీద రంగు వలయం పొరలు పొరలుగా వేస్తాం. తెల్లగుడ్డు మీద ఎర్ర పట్టుదారం పోగులు పీకి నరాలుగా అతికిస్తాం. చేయి తిరిగినవాడివి, అవన్నీ వస్తాయి. రానిది వేరే ఉంది."

"ఏంటమ్మా?"

"చూడటం. బతికున్న కన్ను ఒకటి పట్టుకో. తేలిక కన్ను కాదు, చిక్కు కన్ను. దాన్ని చూసి అచ్చంగా అలాంటిదే వేసుకురా. నాకు నచ్చితే చేర్చుకుంటాను. లేకపోతే పళ్ళ దగ్గరికి వెళ్ళిపో. అక్కడ నీకు గౌరవం ఉంది."

*

ఆమె ఎడమ కన్ను ముదురు గోధుమ రంగు. కింది మూలన మాత్రం సన్నటి తేనె రంగు చీలిక, ఎవరో తలుపు కొంచెం తీసి లోపల దీపం వదిలేసినట్టు.

స్కూలు ఆఫీసులో వెలుతురు చాలలేదు. "కారులో కూర్చుందాం. నేను కదలకుండా ఉండేది అందులోనే" అందామె. ఆగి ఉన్న కారులో తన అలవాటు సీట్లో ఆమె, స్టీరింగ్ ముందు ఒళ్ళో పలకంత బల్ల పెట్టుకుని అతను. బల్ల మీద రంగు పొళ్ళు, గోరంత బిళ్ళ, రెండు వెంట్రుకల కుంచె.

"కదలకండి."

"కదల్లేదు."

"కన్ను కదిలింది."

"అద్దంలో లారీ వచ్చింది. నా కళ్ళు మూడు అద్దాల్లో కాపురముంటాయండీ. అలవాటైపోయింది."

"ఈ అరగంటా నా దగ్గర ఉండనివ్వండి."

ఆ మాటలో ఇంకో అర్థం ఉందని అతనికి తోచలేదు. ఆమెకి తోచింది. ఇతనికి తోచలేదని కూడా తెలిసి, నవ్వాపుకుంది.

"పెదవులు కదిపితే ఫరవాలేదా?"

"ఫరవాలేదు. మాట్లాడండి."

"అయితే అడుగుతాను. ఆరేళ్ళుగా ఆ సీట్లో కూర్చున్నవాళ్ళంతా రోడ్డు వైపే చూశారు. చూడకపోతే తిట్టాను కూడా. ఇటు తిరిగి కూర్చున్న మొదటి మనిషి మీరే. నన్ను చూస్తుంటే మీకేం కనిపిస్తుంది?"

అతను నిజంగా ఆలోచించాడు. "అంచున బూడిద రంగు. దాని లోపల గోధుమ. మధ్యలో చిన్న చిన్న పోగులు, తడిసిన గడ్డిలా."

"నన్ను, అన్నాను."

"ఓ," అన్నాడు అతను. కుంచె ఆగిపోయింది. "ఆ పని ఇంకా మొదలుపెట్టలేదండీ."

ఆ జవాబు ఆమెని రెండు రోజులు వదల్లేదు.

మూడో వారానికి వాన ముదిరింది. వాన పడుతున్నంతసేపూ పని ఆపేసి, అద్దాల మీద నీళ్ళు జారుతుంటే చూస్తూ కూర్చునేవాళ్ళు. పని లేనప్పుడు అతను ఆమె వైపు చూడటానికి ఇబ్బంది పడేవాడు. కన్నుని కొలవడానికి చూసిన చూపు, ఊరికే చూడటానికి పనికిరాదు. దానికి వేరే చూపు కావాలి. అది అతని దగ్గర ఉందో లేదో తెలియదు.

"భయం వేయట్లేదా?" అని ఒకరోజు అడిగింది. "అంత మంచి పని వదిలేసి?"

"వేస్తోంది. మీ స్టూడెంట్లకి వేసే భయమే."

"వాళ్ళకి నేనున్నాను." ఆమె కాలితో కిందికి చూపించింది. ఆమె వైపు కూడా ఒక బ్రేకు ఉంది. "మీకెవరున్నారు?"

అతను ఆ బ్రేకు వైపు చాలాసేపు చూశాడు.

"పోనీ వెనక్కి వెళ్ళొచ్చా?"

"నెలాఖరు దాకా."

"అంటే ఇప్పుడు న్యూట్రల్లో ఉన్నారన్నమాట. తప్పేం లేదు. ఏటవాలు రోడ్డు మీద మాత్రం ఎక్కువసేపు ఉండకండి."

*

మొదటి కన్నుని పెద్దావిడ వేలి మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రంగు బాగుంది. ఆ చీలిక చూస్తే నాకే ఈర్ష్యగా ఉంది. కానీ పాప తప్పు."

మధ్యలో ఉండే నల్లటి చుక్క సంగతి ఆవిడ చెబుతున్నది. వెలుతురు ఎక్కువైతే కంటిపాప చిన్నదవుతుంది, తక్కువైతే పెద్దదవుతుంది. పెట్టుడు కంటికి ఆ వీల్లేదు. జన్మంతా ఒకటే సైజు. ఆ ఒక్కటీ మనిషి మామూలుగా ఉన్నప్పటి సైజు కావాలి. దాన్ని కొలవడానికి చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా నల్లచుక్కలు అచ్చు వేసిన కార్డు ఉంటుంది. కంటి పక్కన పట్టుకుని ఏ చుక్కకి సరిపోతే ఆ చుక్క.

"కొలిచే వేశానమ్మా. అయిదో చుక్క."

"పగటి వెలుతురులో అయిదో చుక్కా? మళ్ళీ కొలువు."

మళ్ళీ కొలిచాడు. ఎండలో కొలిచాడు, మబ్బులో కొలిచాడు. మబ్బులో ఆరు, ఎండలో అయిదు. పళ్ళ దగ్గర ఒక్కసారి కూడా కొలత తప్పనివాడు. ఎండ కొలతతో రెండో కన్ను వేసుకెళ్ళాడు. పెద్దావిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఎక్కడ కూర్చోబెడుతున్నావు ఆ అమ్మాయిని?"

"కారులో. మధ్యాహ్నం. వెలుతురు తిన్నగా ముఖం మీద పడుతుంది."

"ఏం చూస్తూ కూర్చుంటుంది?"

"ఏం చూస్తుంది, ఎదురుగా ఉన్నది నేనే కదా. నన్నే."

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"ఒక పని చెయ్యి. నీ సీట్లో ఇంకో మనిషిని కూర్చోబెట్టు. అదే దూరం, అదే వెలుతురు. ఆమె ఆ మనిషిని చూస్తున్నప్పుడు నువ్వు పక్కనుంచి కొలువు."

"ఎందుకమ్మా?"

"ఎందుకో చెబితే కొలత పాడవుతుంది. మూడో కన్ను ఆఖరు. మళ్ళీ నాలుగోది చూడను."

*

ఇంకో మనిషిని వెతుక్కునే పని లేకుండా మర్నాడు మధ్యాహ్నం ల్యాబు ఓనరే డ్రైవింగ్ స్కూలుకి వచ్చాడు.

"మీ అక్క చెప్పింది ఇక్కడున్నావని. నీ స్టూలు అడుగుతూ ఇద్దరు వచ్చి వెళ్ళారు అబ్బాయ్. ఏదో ఒకటి తేల్చు."

"తేలుస్తాను సార్. ముందు మీరు కాస్త ఈ కారులో కూర్చోండి."

"నాకు డ్రైవింగ్ వచ్చు."

"నడపక్కర్లేదు. ఊరికే కూర్చుని ఈవిడ వైపు చూడండి."

ఓనరు బెరుకుగా కూర్చున్నాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు. ఎందుకైనా మంచిదని నవ్వాడు కూడా. ఆమె ఆయన వైపు తిరిగింది. అతను ఆమె వైపు కిటికీలోంచి చేయి పెట్టి కార్డు పట్టుకున్నాడు.

మూడో చుక్క.

కార్డు మార్చి పట్టుకున్నాడు. మూడే.

"ఏమైంది?" అన్నాడు ఓనరు, నవ్వు సడలించకుండా.

"పాప చిన్నబోయింది సార్."

"నన్ను చూసి చిన్నబోయిందా? మా ఆవిడా అదే అంటుంది."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే, అతనికి కూడా నవ్వొచ్చిందా అని చూడటానికి కిటికీ వైపు తిరిగింది. కార్డు ఇంకా అక్కడే ఉంది. వెలుతురు అదే. అతని కళ్ళ ముందే, మూడో చుక్క దాటి, నాలుగో చుక్క దాటి, ఆ నల్లటి పాప మెల్లగా విచ్చుకుంది. నీళ్ళలో సిరా చుక్క పడినంత నిశ్శబ్దంగా.

అప్పుడు అర్థమైంది అతనికి, పెద్దావిడ కళ్ళద్దాలు ఎందుకు తుడుచుకుందో. వెలుతురు తగ్గితేనే కాదు, ఇష్టమైన మనిషి కనబడినా పాప పెద్దదవుతుంది.

అర్థమైన మరుక్షణం సంతోషం రాలేదు. ముందు సిగ్గేసింది. ఆమె తనకి చెప్పని మాట ఒకటి, తను రోజూ కొలుస్తూ వచ్చాడు. బిళ్ళ మీద వేశాడు. తీసుకెళ్ళి ఇంకొకరికి చూపించాడు. కార్డు జేబులో పెట్టేసుకున్నాడు.

"ఎంతొచ్చింది?" అంది ఆమె.

"మూడో చుక్క."

"ముందు అయిదన్నారుగా. ఎందుకీ తేడా?"

"వెలుతురు తేడా అయ్యుంటుంది."

ఆమె అతన్ని కాసేపు చూసింది. "వెలుతురు మారలేదు" అంది.

ఓనరు కారు దిగి కోటు సర్దుకున్నాడు. "నా సంగతి తేల్చవేం?"

అతనికి ఒక విచిత్రం తట్టింది. మూడో కన్ను నెగ్గుతుందో లేదో ఇంకా తెలియదు. అయినా ఆ ప్రశ్న చిన్నదైపోయింది. నెలంతా ఒక కంటిని చూసి కూడా అందులో ఏముందో తెలియనివాడికి, తెలుసుకోవలసింది ఎంత మిగిలిందో ఇప్పుడే తెలిసింది. పెద్దావిడ కాదంటే ఇంకో గురువుని వెతుక్కుంటాడు. అంతే.

"స్టూలు ఇచ్చేయండి సార్."

"అక్కడ నిన్ను చేర్చుకున్నారా?"

"ఇంకా లేదు."

ఓనరు అతని భుజం మీద చేయి వేసి, ఒకసారి తట్టి వెళ్ళిపోయాడు.

*

మూడో కన్ను చూపించేటప్పుడు మనిషిని కూడా తీసుకురమ్మంది పెద్దావిడ.

ఆమె స్టూలు మీద కూర్చుంది. పెద్దావిడ కన్నుని వేలి చివర పట్టుకుని ఆమె చెంప పక్కన ఆనించింది. "నన్ను చూడమ్మా."

గోధుమ, తేనె, మధ్యలో నలుపు. ఏది పుట్టుకతో వచ్చిందో ఏది చేత్తో చేసినదో చెప్పడం కష్టం. పెద్దావిడ తల ఊపింది.

"ఇప్పుడు అతన్ని చూడు."

ఆమె వెంటనే చూడలేదు. ఆరేళ్ళుగా పక్కవాళ్ళ తప్పుల మీద బ్రేకు వేసిన మనిషి. దీని మీద వేయడానికి ఎక్కడా బ్రేకు లేదు. నెమ్మదిగా తల తిప్పింది. చెంప పక్కనున్న కన్నూ ఆమె కన్నూ ఇక ఒకటిగా లేవు.

"చూశావా నాయనా?" అంది పెద్దావిడ.

అతను నేల వైపు చూస్తున్నాడు. "చూడలేదమ్మా."

"అదేంటి?"

"అది నేను కొలవాల్సింది కాదనిపించింది."

పెద్దావిడ కన్నుని దూదిలో పెట్టి, చేతులు తుడుచుకుంది. "రేపు తొమ్మిదింటికి రా. ఏడాది దాకా జీతం అడక్కు. ఆ తర్వాత కూడా ఎంతొస్తుందో చెప్పలేను. ఇంకా వస్తావా?"

"వస్తాను."

వీధిలోకి వచ్చాక ఇద్దరూ పక్కపక్కన నడిచారు. అలా నడుస్తుంటే ఆమె కళ్ళు అతనికి కనిపించవు. గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఇన్నాళ్ళలో ఆ గొంతు కొంచెం బొంగురుగా ఉంటుందని అతను గమనించనే లేదు.

"ఎందుకు చూడలేదు?" అంది.

"చాటు నుంచి విన్నట్టు ఉంటుందని."

"అప్పుడు కారు దగ్గర కూడా అందుకే అబద్ధం చెప్పారా?"

"అవును."

వాన ఆగి చూరుల నుంచి మాత్రం పడుతోంది.

"పాప పెద్దదవడం నా చేతిలో లేదు" అంది ఆమె. "అందుకని దాన్ని నేను చెప్పినట్టు కాదు. ఇప్పుడు చెబుతున్నాను, ఇది నా చేతిలో ఉన్నదే. నాకు మీరంటే ఇష్టం. వినబడిందా?"

"వినబడింది."

"మరి ఏమైనా అంటారా, దీన్నీ కొలవాలా?"

"నాకు ఏడాది జీతం లేదు."

"నేనడిగింది అది కాదు."

"తెలుసు. దాని వెనక దాక్కుంటున్నాను." అతను ఆగాడు. ఆమె వైపు తిరిగాడు. ఈసారి ఎడమ కంటిని కాదు, ఏ ముక్కనీ కాదు, ఆమెని చూశాడు. ఎక్కడ చూడాలో తెలియక కొంచెం తడబడ్డాడు. "నాకూ ఇష్టం. ఎప్పటి నుంచో తెలియదు. రోజూ అరగంట వచ్చేవాణ్ణి కదా, పని నిజానికి పది నిమిషాలే."

"అది నాకు మొదటి వారంలోనే తెలుసు" అంది ఆమె.

మళ్ళీ నడిచారు.

"మా అక్కకి ఇప్పుడు రెండు సంగతులు చెప్పాలి" అన్నాడు. "ఏది ముందు చెబితే తిట్లు తక్కువో ఆలోచిస్తున్నాను."

"జీతం సంగతి ముందు. రెండోది వినే వేళకి అలిసిపోయి ఉంటారు."

"రెండోది మీరొచ్చి చెబితే?"

ఆమె నవ్వింది. కాదనలేదు. అతని కంటే రెండడుగులు ముందుకి వెళ్ళింది, అక్క ఇల్లు ఎటో తనకి తెలియకపోయినా. నాలుగు వీధుల కూడలికి వచ్చేదాకా అతను కూడా దారి చెప్పలేదు. అక్కడ ఆగి, ఒకటి తర్వాత ఒకటిగా నాలుగు వైపులా చూసి, ఆమె వెనక్కి తిరిగింది.

"ఎటు?" అంది.